ఇన్‌స్టాలర్ అడిగే ఐదు టిక్కులు: ప్లగిన్ ఫార్మాట్లపై మీ ప్రశ్నలు

సంగీతం చేసే సాఫ్ట్‌వేర్‌కి వాయిద్యాలు, ఎఫెక్టులు జోడించే ప్లగిన్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఒకే రకం ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం. ప్లగిన్లను తనలో నడిపించే ప్రోగ్రామ్ (లైవ్, క్యూబేస్, లాజిక్, రీపర్ లాంటిది) ఏదైనా సరే, దాన్ని ‘హోస్ట్’ అని రాశాం. ఒకే ప్లగిన్ హోస్ట్‌తో మాట్లాడే వేర్వేరు పద్ధతులే ఫార్మాట్లు.

ప్రశ్న: ఏ సింథ్ (శబ్దాలు పుట్టించే వాయిద్యం ప్లగిన్) దించుకున్నా ఇన్‌స్టాలర్ వీఎస్‌టీ2, వీఎస్‌టీ3, ఏయూ, ఏఏఎక్స్, క్లాప్ అని ఐదు గళ్లు చూపిస్తోంది. ఎందుకొచ్చిన గొడవని అన్నిటికీ టిక్కు పెట్టేస్తున్నాను. నష్టమేమైనా ఉందా? అసలు కావలసింది ఏది?

జవాబు: కంప్యూటర్‌కి పెద్ద నష్టం లేదు, మీ పాటలకు ఉంది. ఒకే సింథ్ మెనూలో రెండు మూడుసార్లు కనబడుతుంది. ఇవాళ బేస్ ట్రాక్‌కి వీఎస్‌టీ2 తగిలిస్తారు, రేపు ప్యాడ్‌కి వీఎస్‌టీ3. ఏడాది తర్వాత కొత్త కంప్యూటర్‌లో వీఎస్‌టీ3 ఒక్కటే పెట్టుకుని ఆ పాట తెరిస్తే సగం ట్రాకుల్లో ‘ప్లగిన్ దొరకలేదు’ అని వస్తుంది. పేరొక్కటే గానీ హోస్ట్ లెక్కలో వాళ్లు ఇద్దరు వేరే మనుషులు.

ఏది కావాలన్నది మీ హోస్టే తేల్చేస్తుంది. లాజిక్ ప్రో, గరాజ్‌బ్యాండ్ ఏయూ తప్ప ఇంకేదీ తీసుకోవు. ప్రో టూల్స్‌కి ఏఏఎక్స్ తప్ప గతి లేదు. క్యూబేస్ మ్యాక్ మీద నడుస్తున్నా ఏయూని పట్టించుకోదు, దానికి వీఎస్‌టీ3. విండోస్‌లో ఏయూ అనేదే లేదు, కాబట్టి అక్కడ లైవ్, ఎఫ్ఎల్ స్టూడియో, రీపర్, బిట్‌విగ్ వాడేవారికి వీఎస్‌టీ3 ఒక్కటి చాలు. నిజంగా ఆలోచించాల్సింది మ్యాక్ మీద లైవ్, రీపర్, ఎఫ్ఎల్ స్టూడియోలాంటివి వాడేవాళ్లే, ఎందుకంటే అవి ఏయూ, వీఎస్‌టీ3 రెండూ తీసుకుంటాయి. అక్కడ మా ఓటు వీఎస్‌టీ3కే. అదే హోస్ట్ ఉన్న విండోస్ మెషీన్‌కి ప్రాజెక్టు పంపాల్సి వస్తే ఏయూ ట్రాకులన్నీ అక్కడ మూగబోతాయి. వీఎస్‌టీ3 అయితే అవతలివాళ్ల దగ్గర అదే ప్లగిన్ ఉన్నంతవరకు తెరుచుకుంటుంది. పక్కన లాజిక్ కూడా వాడుతుంటే ఏయూ టిక్కు కూడా పెట్టండి, కానీ లైవ్ సెట్టింగుల్లో ఏయూని ఆపేయండి. మెనూ శుభ్రంగా ఉంటుంది.

ఇప్పటికే అన్నీ పెట్టేసి ఉంటే ఆవేశంలో వీఎస్‌టీ2 ఫైళ్లు చెరిపేయకండి. హోస్ట్ స్కాన్ చేయని మరో ఫోల్డర్‌లోకి జరిపి, కొన్నాళ్లపాటు పాత ప్రాజెక్టులు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఏదైనా అడిగితే వెనక్కి పెట్టొచ్చు. ఇంకో సంగతి: టిక్కులు తగ్గిస్తే డిస్క్‌లో బోలెడు చోటు మిగులుతుందని ఆశపడొద్దు. జీబీల కొద్దీ తినేది శాంపిల్ లైబ్రరీ, అది అన్ని ఫార్మాట్లకూ ఉమ్మడిగా ఒక్కటే ఉంటుంది.

ప్రశ్న: ఏయూలో శబ్దం వీఎస్‌టీ కంటే వెచ్చగా ఉంటుందని మిక్సింగ్ చేసే మిత్రుడు గట్టిగా వాదిస్తున్నాడు. నిజమేనా?

జవాబు: కాదు. శబ్దాన్ని లెక్కగట్టే కోడ్ అన్ని ఫార్మాట్లలోనూ ఒకటే. దాని చుట్టూ హోస్ట్‌తో మాట్లాడే తొడుగు మాత్రం మారుతుంది. చాలామంది తయారీదార్లు జ్యూస్ (JUCE) లాంటి ఫ్రేమ్‌వర్క్‌తో ఒకే కోడ్ రాసి, దాని నుంచే అన్ని రూపాలూ తీస్తారు.

వాదన ఎందుకు, పరీక్ష పెట్టండి. ఒకే ఆడియో క్లిప్‌ని రెండు ట్రాకుల్లో ఒకే చోట పెట్టండి. ఒకదానికి ఈక్యూ (బేస్, ట్రెబుల్ సవరించే ప్లగిన్) ఏయూ రూపం, రెండోదానికి వీఎస్‌టీ3 రూపం. రెండింట్లోనూ ప్రతి నాబ్ విలువా అంకెలతో సహా సరిపోవాలి. మౌస్‌తో తిప్పి ‘ఇంచుమించు’ అనుకుంటే కుదరదు, అంకె టైప్ చేయండి. రెండో ట్రాక్‌కి పొలారిటీ తిరగేసి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండూ కలిపి వినండి, ఒకేలా ఉంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మాస్టర్ మీటర్ కదలకూడదు, కదిలినా మైనస్ 120 డెసిబెల్స్ కిందే ఉండాలి. అంతకంటే పైన ఏమైనా వినబడితే సాధారణంగా మూడు కారణాలు. ఒకటి, రెండింటి వెర్షన్ నంబర్లు వేరు. రెండు, ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంపిల్ రేటుతో లెక్కగట్టడం) ఒకదాంట్లో 2 రెట్లు, ఇంకోదాంట్లో 4 రెట్లు అన్నట్టు ఉంది. మూడు, హోస్ట్‌లో డిలే కాంపెన్సేషన్ (ప్లగిన్ల వల్ల వచ్చే ఆలస్యాన్ని సరిచేసే ఏర్పాటు) ఆపేసి ఉంది.

కోరస్, రివర్బ్, టేప్ ఎమ్యులేషన్‌తో ఈ పరీక్ష చేయొద్దు. యాదృచ్ఛికంగా కదిలే భాగం ఉన్న ప్లగిన్ తనతో తానే రద్దు కాదు. వీఎస్‌టీ3 రెండు కాపీలు పెట్టినా ఏదో మిగులుతుంది. మీ మిత్రుడు విన్న ‘వెచ్చదనం’ ఇలాంటి పోలికలోంచి వచ్చి ఉండొచ్చు. లేదా రెండో రూపం అరడెసిబెల్ గట్టిగా మోగి ఉండొచ్చు. చెవికి కాస్త గట్టిదే మంచిదనిపిస్తుంది.

ప్రశ్న: నా పాత ప్రాజెక్టులు దాదాపు అరవై, అన్నీ వీఎస్‌టీ2తో చేసినవి. వీఎస్‌టీ2 పోతోందంటున్నారు. ఇప్పుడేం చేయాలి? అన్నిటినీ వీఎస్‌టీ3కి మార్చాలా?

జవాబు: ముందు అసలు జరిగిందేమిటో చూడండి. స్టెయిన్‌బర్గ్ 1996లో క్యూబేస్‌తో వీఎస్‌టీని తెచ్చింది. వాయిద్యాలు కూడా నడిపే వీఎస్‌టీ2 1999లో, వీఎస్‌టీ3 2008లో వచ్చాయి. 2018లో వీఎస్‌టీ2 డెవలప్‌మెంట్ కిట్ ఇవ్వడం ఆపేశారు, కాబట్టి కొత్తగా రంగంలోకి దిగిన తయారీదారు వీఎస్‌టీ2 చేయలేడు. తమ హోస్టుల్లో 24 నెలల్లో దాన్ని ఎత్తేస్తామని 2022 జనవరిలో ప్రకటించారు. ఇవన్నీ ఒక కంపెనీ నిర్ణయాలు. మీ డిస్క్ మీద ఉన్న వీఎస్‌టీ2 ఫైలు రేపు పొద్దున పనిచేయడం మానేయదు. లైవ్, రీపర్ లాంటివి దాన్ని ఇంకా తీసుకుంటూనే ఉన్నాయి. ఇబ్బంది వచ్చేది కంప్యూటరో, హోస్టో, ఆపరేటింగ్ సిస్టమో మార్చినరోజున.

అందుకే అరవైనీ మార్చకండి. అయిపోయిన పాటలకు ప్లగిన్ మార్చడం వృథా శ్రమ, వాటిని ఆడియోగా భద్రపరిస్తే చాలు. ఇంకా పని మిగిలిన ఐదారు ప్రాజెక్టులుంటాయి, మార్చాల్సింది వాటినే.

భద్రపరిచే పద్ధతి: ప్రతి ట్రాక్‌నీ పాట మొదటి బార్ నుంచి చివరిదాకా వేవ్ ఫైలుగా తీయండి, 32 బిట్ ఫ్లోట్ అయితే క్లిప్పింగ్ భయముండదు. ముఖ్యమైన ట్రాకులకు ఎఫెక్టులతో ఒకటి, ఎఫెక్టులు ఆపి ఒకటి. మిడి ఫైలు (వాయించిన నోట్ల వివరాలు) విడిగా. టెంపో ఎంతో ఫోల్డర్ పేరులోనే రాసేయండి. శాంపిల్ రేటు మార్చకండి, ప్రాజెక్టు 48 కిలోహెర్ట్జ్ అయితే ఫైళ్లూ 48లోనే.

మార్చే పద్ధతిలో అందరూ ఒకచోట పప్పులో కాలేస్తారు. హోస్ట్‌లోని ప్రీసెట్ మెనూ నుంచి సేవ్ చేస్తే వీఎస్‌టీ2కి ఒకరకం ఫైలు, వీఎస్‌టీ3కి ఇంకోరకం ఫైలు తయారవుతుంది. చాలా హోస్టుల్లో ఒకదానిది ఇంకోటి చదవలేదు. ప్లగిన్ కిటికీలోనే దాని సొంత ప్రీసెట్ బ్రౌజర్ ఉంటే అక్కడ సేవ్ చేయండి, అది సాధారణంగా అన్ని రూపాలకూ ఉమ్మడి. ముందుగా ప్రాజెక్టుకి ఒక కాపీ తీసి, ఆ కాపీలో పనిచేయండి. వీఎస్‌టీ2 ఇంకా ఉండగానే దాని సెట్టింగు ఇలా సేవ్ చేసి, పక్కనే వీఎస్‌టీ3 పెట్టి అదే ప్రీసెట్ ఎక్కించి, పాతదాన్ని ఆపి రెండూ మార్చిమార్చి వినండి. పాతది తీసేశాక మొదలుపెడితే మొదటికే మోసం, సెట్టింగు చదవడానికి ప్లగినే ఉండదు.

ఆటోమేషన్, అంటే పాట నడుస్తుండగా నాబ్‌లు కదిలేలా గీసిన గీతలు, దానంతటది రాదు. వీఎస్‌టీ2లో పరామితిని (కదిలించగల ప్రతి నాబ్‌నీ) వరస నంబరుతో గుర్తిస్తారు, వీఎస్‌టీ3లో ప్రతిదానికీ సొంత గుర్తింపు ఉంటుంది. అందుకని ఒక్కో లేన్‌లోని పాయింట్లను కాపీ చేసి కొత్త ప్లగిన్‌లో అదే నాబ్ లేన్‌లో అతికించాలి. ఫిల్టర్ రకం, వేవ్ ఆకారం లాంటి ఎంపికల లేన్లను మాత్రం విని సరిచూడండి, ఒక మెట్టు పక్కకు జరిగే అవకాశం వాటికే ఎక్కువ. డ్రమ్ శాంప్లర్‌లో కిక్ ఒక ఛానెల్‌కి, స్నేర్ ఒక ఛానెల్‌కి పంపి ఉంటే ఆ దారులూ మళ్లీ కట్టుకోవాలి.

కొన్ని వీఎస్‌టీ3 ప్లగిన్లు ‘ఫలానా వీఎస్‌టీ2 స్థానంలో నేనే’ అని హోస్ట్‌కి చెప్పగలవు. అలా చెప్పిన ప్లగిన్‌కి క్యూబేస్‌లో మార్పిడి చాలావరకు దానికదే జరిగిపోతుంది. ఇద్దరూ సహకరిస్తేనే ఈ వరం.

ప్రశ్న: విండోస్‌లో వీఎస్‌టీ3 ప్లగిన్ పెట్టాను, హోస్ట్‌లో కనబడటం లేదు. రెండుసార్లు రీఇన్‌స్టాల్ చేశాను. ఏం చూడాలి?

జవాబు: మూడోసారి చేయకండి, వెతకండి. వీఎస్‌టీ3కి స్థిరమైన చిరునామా ఉంది: సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్, కామన్ ఫైల్స్, వీఎస్‌టీ3. వీఎస్‌టీ2 కాలంలో ఎవరి ఇష్టం వాళ్లదిగా ఫోల్డర్లు పెట్టుకున్న అలవాటుతో దీన్నీ డి డ్రైవ్‌కి మారిస్తే చాలా హోస్టులు చూడవు. ఈ ఫోల్డర్ లోపల కంపెనీ పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటే ఫరవాలేదు.

జిప్ ఫైలు నుంచి మీరే కాపీ చేశారా? అయితే ఇంకో చిక్కు. కొన్ని వీఎస్‌టీ3లు చూడటానికి ఫైలు పేరులా ఉన్నా నిజానికి ఫోల్డర్లు. లోపల కంటెంట్స్, అందులో ప్రాసెసర్ రకం పేరుతో ఒకటి, ఆ లోపల అసలు ఫైలు ఉంటాయి. లోపలి ఫైలు ఒక్కటే బయటకు లాగి పెడితే దాని చిత్రాలు, ప్రీసెట్లు వెనకే ఉండిపోతాయి. పై ఫోల్డర్ మొత్తాన్నీ అలాగే పెట్టండి.

ఫైలు సరైన చోటే ఉన్నా రావడం లేదంటే హోస్ట్ దాన్ని నిషేధ జాబితాలో వేసి ఉంటుంది. స్కాన్ సమయంలో ఒక్కసారి కుప్పకూలినా, లైసెన్స్ కిటికీ తెరిచి సమాధానం కోసం ఆగినా హోస్ట్ దాన్ని పక్కన పెట్టేసి మళ్లీ అటు చూడదు. మామూలు రీస్కాన్ కొత్త ఫైళ్లనే చూస్తుంది కాబట్టి ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. లైవ్‌లో ఆల్ట్ కీ పట్టుకుని రీస్కాన్ నొక్కాలి. రీపర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని వీఎస్‌టీ పేజీలో క్యాష్ చెరిపి రీస్కాన్ చేసే బటన్ ఉంది. క్యూబేస్‌లో స్టూడియో మెనూ కింద వీఎస్‌టీ ప్లగిన్ మేనేజర్‌లో బ్లాక్‌లిస్ట్ చూడండి.

అయినా రాకపోతే రెండే అనుమానాలు. ప్లగిన్ 32 బిట్‌ది, హోస్ట్ 64 బిట్‌ది అయ్యుండొచ్చు. 32 బిట్ ప్లగిన్‌ని 64 బిట్ హోస్ట్‌లో నడిపించే వంతెన రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో లాంటి కొన్నిటిలో లోపలే ఉంది. కానీ వంతెన మీద పాట కట్టుకోవడం మేం సలహా ఇవ్వం. లేదంటే ప్లగిన్ ఆధారపడే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ మెషీన్‌లో లేదు. పాత కంప్యూటర్‌లో బాగా నడిచి కొత్తదాంట్లో ససేమిరా అన్న ప్లగిన్లకు చాలాసార్లు ఇదే జబ్బు.

ప్రశ్న: ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్ కొన్నాను. పాత కంప్రెసర్ ఒకటి లాజిక్‌లో వస్తోంది, లైవ్‌లో మాత్రం లేదు. ఫార్మాట్ తేడానా?

జవాబు: ఫార్మాట్ కాదు, ప్రాసెసర్. ఆ కంప్రెసర్ ఇంటెల్ చిప్ కోసం తయారైంది. లాజిక్ అలాంటి ఏయూని తన నుంచి విడిగా, రోసెట్టా (ఇంటెల్ ప్రోగ్రామ్‌లను కొత్త చిప్‌కి అనువదించే ఆపిల్ ఏర్పాటు) మీద నడిపించుకుంటుంది. మీకు తెలియనివ్వదు కూడా. లైవ్ కొత్త చిప్ భాషలో నడుస్తున్నప్పుడు ఇంటెల్ ప్లగిన్‌ని దగ్గరకు రానివ్వదు. ఫైండర్‌లో లైవ్ ఐకాన్ మీద గెట్ ఇన్ఫో తెరిచి, రోసెట్టాతో తెరువు అన్న గడికి టిక్కు పెడితే కంప్రెసర్ కనబడుతుంది. అయితే ఒక్క ప్లగిన్ కోసం లైవ్ మొత్తం నెమ్మదిస్తుంది. పాత ప్రాజెక్టులో ఆ ట్రాక్‌ని ఆడియోగా తీసుకోవడానికి మాత్రం అలా తెరిచి, పని కాగానే టిక్కు తీసేయండి. ప్లగిన్‌కి కొత్త వెర్షన్ ఉందేమో తయారీదారు దగ్గర చూడండి. రోసెట్టా పూర్తిస్థాయిలో మ్యాక్‌ఓఎస్ 27 వరకేనని ఆపిల్ ఇప్పటికే చెప్పింది. 32 బిట్ ప్లగిన్ల సంగతి ఎప్పుడో ముగిసింది. 2019లో వచ్చిన కాటలీనా నుంచి మ్యాక్ వాటిని అసలు తెరవదు.

లాజిక్‌లోనే రాని ఏయూల గురించి కూడా కొందరు రాశారు. లాజిక్ ప్రతి ఏయూకీ ఏయూవాల్ అనే పరీక్ష పెట్టి, తప్పితే పక్కన పెడుతుంది. సెట్టింగుల్లో ప్లగిన్ మేనేజర్ తెరిచి, దాన్ని ఎంచుకుని రీసెట్ చేసి రీస్కాన్ చేయండి. ఆపై లైబ్రరీ, ఆడియో, ప్లగ్‌ఇన్స్, కాంపోనెంట్స్ అన్న ఫోల్డర్ చూడండి. ఇది మ్యాక్‌లో రెండు చోట్ల ఉంటుంది, ఒకటి డిస్క్ మొదట్లో, ఒకటి మీ యూజర్ ఫోల్డర్‌లో. యూజర్ ఫోల్డర్‌లో ఎప్పటిదో పాత కాపీ మిగిలి ఉంటే అప్‌డేట్ చేసినా పాతదే తెరుచుకోవచ్చు.

ప్రశ్న: వీఎస్‌టీ3 సింథ్‌లో మ్యూజిక్ కీబోర్డు మీది మాడ్ వీల్ (శబ్దాన్ని కదిలించే చక్రం) తిప్పితే ఏమీ జరగదు. అదే సింథ్ వీఎస్‌టీ2లో బాగానే పలుకుతుంది. వీఎస్‌టీ3 ఇంకా పచ్చిదేనా?

జవాబు: పచ్చిది కాదు గానీ మీరు చెప్పింది దాని బలహీనతల్లో ఒకటి. వీఎస్‌టీ2లో మిడి సందేశం ఉన్నదున్నట్టు ప్లగిన్‌కి చేరేది. వీఎస్‌టీ3 నోట్లను ఒకదారిలో, కంట్రోలర్లను ఇంకోదారిలో పంపుతుంది. ‘1వ నంబరు కంట్రోలర్ వస్తే నీ ఏ పరామితి కదపాలి?’ అని హోస్ట్ ముందే అడుగుతుంది. ప్లగిన్ జవాబు చెప్పకపోతే వీల్ తిప్పినా అటు ఏమీ వెళ్లదు. ప్లగిన్ కొత్త వెర్షన్ ఉంటే పెట్టండి. లేకపోతే హోస్ట్‌లోని మిడి లెర్న్‌తో వీల్‌ని ఆ నాబ్‌కి నేరుగా కట్టుకోండి. అదీ కుదరకపోతే ఆ ఒక్క సింథ్‌కి మ్యాక్ మీద ఏయూ వాడండి, తప్పేం లేదు.

బదులుగా వీఎస్‌టీ3 ఇచ్చినదీ తక్కువేం కాదు. సైడ్‌చెయిన్‌కి (ఒక ట్రాక్ శబ్దంతో ఇంకో ట్రాక్ ప్లగిన్‌ని నడిపించడానికి) అధికారికంగా విడి ద్వారం ఉంది. వీఎస్‌టీ2 కంప్రెసర్లలో 3, 4 ఛానెళ్లకు కిక్ పంపే తంటా పడినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఒక్కో నోటుకి విడిగా పిచ్, వాల్యూమ్ కదిలించే వీలుంది. ట్రాక్‌లో శబ్దం లేనప్పుడు లెక్కలు ఆపేసి ప్రాసెసర్‌ని ఆదా చేస్తుందన్నది మాత్రం పాక్షిక సత్యమే. ప్లగిన్, హోస్ట్ రెండూ ఆ ఏర్పాటు వాడుకుంటేనే జరుగుతుంది.

ప్రశ్న: క్లాప్ మీద అందరూ ఊగిపోతున్నారు. మారిపోవాలా?

జవాబు: బిట్‌విగ్, రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో వాడుతుంటే కొత్త పాటల్లో వాడి చూడండి. క్యూబేస్, లాజిక్, ప్రో టూల్స్ అయితే మీకీ ప్రశ్నే లేదు. 2022లో బిట్‌విగ్, యు-హీ కంపెనీలు తెచ్చిన ఈ ఫార్మాట్ ఎంఐటీ లైసెన్స్ మీద ఉంది, తయారీదారు ఎవరితోనూ ఒప్పందం రాసుకోనక్కర్లేదు. వాడేవాళ్లకు అసలు లాభం మాడ్యులేషన్. ఎల్ఎఫ్ఓతో (నెమ్మదిగా ఊగే తరంగంతో) ఫిల్టర్‌ని కదిలించినా నాబ్ అసలు విలువ చెడదు, ఎల్ఎఫ్ఓ తీసేస్తే ఎక్కడిదక్కడే. అదీ ఒక్కో నోటుకి విడిగా చేయొచ్చు. బిట్‌విగ్‌లో ఈ తేడా చేతికి తెలుస్తుంది. మామూలు ఈక్యూ, లిమిటర్‌లకు క్లాప్ రూపం కోసం వెతకడం అనవసరం.

ప్రశ్న: ప్రో టూల్స్‌లో నాకిష్టమైన ఉచిత ప్లగిన్లేవీ రావు. మార్గం లేదా?

జవాబు: ఏఏఎక్స్ ప్లగిన్‌కి పేస్ కంపెనీ డిజిటల్ సంతకం లేనిదే మామూలు ప్రో టూల్స్ దాన్ని తెరవదు. ఒంటరిగా ఉచిత ప్లగిన్లు చేసేవాళ్లు చాలామంది ఆ తతంగం జోలికి పోరు. బ్లూ క్యాట్ ప్యాచ్‌వర్క్ లాంటి ఏఏఎక్స్ ప్లగిన్‌ని తగిలించి, దాని లోపల వీఎస్‌టీ3 నడుపుకోవచ్చు. ఆటోమేషన్‌కి ముందు లోపలి నాబ్‌లను బయటి ప్లగిన్ పరామితులకు కట్టుకోవాలి. మిక్సింగ్ కోసం సెషన్ ఇంకొకరికి పంపేటప్పుడు ఆ ట్రాకుల్ని ఆడియోగా మార్చి పంపండి.

ప్రశ్న: లినక్స్‌లో ఏది వాడాలి?

జవాబు: ఆర్డర్ (Ardour) అనే హోస్ట్ వాడితే ఎల్‌వీ2 అనే ఫార్మాట్ ముందు, లినక్స్‌కే తయారైన వీఎస్‌టీ3 తర్వాత. రీపర్, బిట్‌విగ్‌లకు క్లాప్ కూడా నిక్షేపంగా నడుస్తుంది. ఫైల్ పేరు చివర వీఎస్‌టీ3 అని ఉన్నంత మాత్రాన విండోస్‌ది లినక్స్‌లో తెరుచుకోదు. దానికి విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే వైన్, దానిపైన ప్లగిన్లకు వంతెన కట్టే యాబ్రిడ్జ్ కావాలి. లైసెన్స్ కోసం విడిగా ఒక ప్రోగ్రామ్ నడపమనే ప్లగిన్లు అక్కడే మొరాయిస్తాయి, కాబట్టి కొనేముందు ట్రయల్ వెర్షన్‌ని మీ మెషీన్‌లో నడిపి చూడండి.